సిస్టమ్ లేచింది

"తిరుపతి క్లాసుకు నువ్వు కూడా రా. వచ్చినోళ్లకు కాఫీ టిఫిన్లు సూసుకునేదానికి ఆడమనిషి ఒకరుండాల" అన్నాడు మునిప్రసాద్, పొద్దున దోసె పెనం మీద ఉండగానే. జయంతి దోసె తిరగేసింది.

పాకాల బజారులో ఉన్న స్టూడియో బోర్డు మీద అతని పేరే ఉంటుంది. పెళ్లిళ్లకు పోయి ఫోటోలు తీసేదీ అతనే. తీసుకొచ్చిన నాలుగు వేల ఫోటోల్లోంచి రెండు వందలు ఏరి, రంగులు సరిచేసి, ముఖాల మీది చెమట మెరుపులు తుడిచి, పేజీ పేజీ కూర్చి ఆల్బమ్ చేసేది మాత్రం జయంతి. తొమ్మిదేళ్లుగా అదే పని. వంటిల్లు సర్ది కూర్చుంటే మెడ పట్టేసేదాకా లేవదు. ఇంటికి ఎవరొచ్చినా అత్త జ్ఞానాంబ, "మా కోడలికేం, కుర్చీలో కూర్చోని బొమ్మలు సూసుకుంటా ఉంటాది" అనేది. "ఖాళీగా ఉంటే పిచ్చి ఆలోచనలొస్తాయని నేనే కూర్చోబెట్టినా" అని మునిప్రసాద్ అందుకునేవాడు. రెండు నెలల కిందట జిల్లా ఫోటోగ్రాఫర్ల సంఘం అతనికి ఉత్తమ ఆల్బమ్ డిజైనర్ అని శాలువా కప్పింది. ఆ ఆల్బమ్ జయంతి పదకొండు రోజులు, అందులో నాలుగు రోజులు జ్వరంతో చేసింది. మైకు ముందు మునిప్రసాద్ వాళ్లమ్మకూ, కెమెరా పట్టడం నేర్పిన గురువుకూ దండాలు పెట్టి, చివర్లో "ఇంటి పని మా ఆవిడ సూసుకుంటాది కాబట్టే నాకు ఈ కళకు టైము దొరికింది" అన్నాడు. అందరూ ఆమె వైపు తిరిగి చప్పట్లు కొట్టారు. ఆమె నవ్వింది. అతనన్న మాట కంటే, ఆ నవ్వే ఆమెను ఎక్కువగా కాల్చింది. కూరగాయలు తరిగేటప్పుడూ, బట్టలు ఆరేసేటప్పుడూ ఆ నవ్వు గుర్తొచ్చి పళ్లు బిగిసేవి.

సంఘం అధ్యక్షుడు వరదయ్య ఆ వేదిక మీదే, మన పిల్లలకు ఆల్బమ్ చేసేదాని మీద ఒక పూట క్లాసు చెప్పు ప్రసాదూ అని అడిగితే, శాలువా మత్తులో ఉన్న మునిప్రసాద్ ఒప్పేసుకున్నాడు. క్లాసు వారముందనగా స్టూడియో కంప్యూటర్ హార్డ్ డిస్కు గరగరమని ఆగిపోయింది. ప్రతి శుక్రవారం జయంతి బ్యాకప్ తీసి పెడుతుంది కాబట్టి ఏదీ పోలేదు. "కొత్త డిస్కు తెప్పించండి, నేను ఎక్కిస్తా" అంది. "నీకెందుకవన్నీ? తిరుపతిలో ప్రతాప్ ఉండాడు గదా, మెకానిక్కు" అన్నాడు మునిప్రసాద్. ప్రతాప్ ఆ కంప్యూటర్ పెట్టెను తన షాపులో పెట్టుకుని, కొత్త డిస్కు వేసి, బ్యాకప్ ఎక్కించి, ఆన్ చేసి చూసే తీరిక లేక తిన్నగా క్లాసుకే పట్టుకొచ్చాడు.

తిరుపతిలో తిరుచానూరు రోడ్డు మీద ఒక కల్యాణ మండపం మేడ మీద నలభై మంది కూర్చున్నారు. ప్రొజెక్టర్ తెర మీద నల్లటి చదరం, దాని మీద బూట్ అయ్యే డిస్కు దొరకలేదని తెల్లటి వాక్యం. ప్రతాప్ వైర్లు పీకి మళ్లీ పెట్టాడు. పెట్టె విప్పి డిస్కు అటూ ఇటూ మార్చాడు. మళ్లీ అదే వాక్యం. అర్ధగంట గడిచింది.

వెనక కాఫీ గ్లాసులు పేరుస్తున్న జయంతి తెరను చూడటం మాని మొగుడి ముఖం చూసింది. తొమ్మిదేళ్లుగా ముఖాలు దిద్దిన కన్ను అది. కంగారు పడాల్సిన మనిషి భుజాలు కిందికి జారాయి, నుదుటి మీది గీతలు చెదిరిపోయాయి. అతను తప్పించుకున్నాడు.

"ఏం జేస్తాం అన్నా, మిషన్ గదా" అన్నాడు వరదయ్యతో. "ఇంకో నెల పోయినాక పెట్టుకుందాం."

ఆ నెలలో ఏం జరుగుతుందో జయంతికి కళ్లకు కట్టింది. వంటింటి తలుపు దగ్గరకు వేసి, వాళ్లమ్మ వినకుండా, ఇది ఎట్ల చేసినావు, అది ఎట్ల చేసినావు అని అడుగుతాడు. ఆమె చెబుతుంది. నెల తర్వాత ఇదే మేడ మీద ఆమె మాటలే అతని నోట వస్తాయి, ఆమె ఇదే మూల గ్లాసులు కడుగుతూ ఉంటుంది. నోరు మూసుకుని నిలబడితే చాలు, అంతా అట్లాగే నడిచిపోతుంది. చెడిపోయిన కంప్యూటర్ ఒక్కటే అతన్ని కాపాడుతోంది.

ఆమె చీర కొంగుకు చేతులు తుడుచుకుని ముందుకు నడిచింది.

"ప్రతాప్, బ్యాకప్ మొత్తం ఎక్కించినావా?"

"ఎక్కించినా అక్కా. డిస్కు ముందర అయిదు వందల ఎంబీ ముక్క ఒకటుండాది, అందులో ఫోటోలేం లేవని అదొకటి వదిలేసినా."

"మిషన్‌ను లేపే బూట్ ఫైళ్లు ఉండేది ఆ ముక్కలోనే గదప్పా. నీ విండోస్ పెన్‌డ్రైవ్ ఇట్లియ్యి."

"నువ్వు పోయి కాఫీలు సూడు" అన్నాడు మునిప్రసాద్ మెల్లగా, పెదాలు కదలకుండా.

"సూస్తా, రెండు నిమిషాలు" అని ఆమె కుర్చీ లాక్కుంది. పెన్‌డ్రైవ్ మీంచి మిషన్ లేపి, నల్ల తెర మీద నాలుగు లైన్లు కొట్టి, బూట్ ఫైళ్లు కొత్తగా పుట్టించింది. పెన్‌డ్రైవ్ పీకి మళ్లీ ఆన్ చేసింది. తెర మీద చుక్కలు గుండ్రంగా తిరిగి, స్టూడియో బొమ్మ వచ్చింది. కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు. ఈసారి ఆమె నవ్వలేదు. బహుమతి పొందిన ఆల్బమ్ ఫైలు తెరిచి, లేచి, మౌస్‌ను మొగుడి చేతిలో పెట్టింది.

"చెప్పండి, అందరూ కాసుకోని ఉండారు."

మునిప్రసాద్ కూర్చున్నాడు. చిత్తూరు నుంచి వచ్చిన రూపశ్రీ, ఏడాదిగా సొంతంగా స్టూడియో నడుపుతున్న అమ్మాయి, చెయ్యెత్తింది. "సార్, ఆ తలంబ్రాల పేజీలో బియ్యం మాత్రం వెలుగుతా, వెనకంతా నీలం అయింది గదా. అదెట్ల చేసినారో ఒకసారి సూపించండి."

మౌస్ బాణం తెర మీద ఒక మూల నుంచి ఇంకో మూలకు పోయింది. ఏదో నొక్కాడు, పెళ్లికూతురు మాయమైంది. ఇంకేదో నొక్కాడు, పేజీ మొత్తం తెల్లబోయింది. అతని చెవులు ఎర్రబడ్డాయి. అతను తల తిప్పి ఆమె వైపు చూశాడు, ఇంట్లో ఉప్పు డబ్బా యాడుండాదని అడిగేటప్పుడు చూసినట్టు.

వరదయ్యకు అర్థమైంది. "అమ్మా, నువ్వొచ్చి చెప్పమ్మా" అన్నాడు.

ఆ మాట కోసం ఆమె ఎన్నేళ్లు ఎదురుచూసిందో. అయినా ఇవాళ తాను వెళ్లి కూర్చుంటే అతను బతికిపోతాడు. "నేను ఇంటి పని సూసుకునేదాన్నన్నా. శాలువా కప్పింది ఆయనకు గదా, ఆయనే చెప్తాడు" అని, మొదటి వరుసలో ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుంది. ఒడిలో చేతులు పెట్టుకుని, క్లాసు ముగిసేదాకా అతని ముఖం మీంచి చూపు తిప్పలేదు. కాఫీ ఎవరికి వాళ్లే వంచుకున్నారు. లేచి పోయేటప్పుడు రూపశ్రీ జయంతి దగ్గరకొచ్చి, ఆమె ఫోన్ నంబరు అడిగి రాసుకుపోయింది.

తిరుగు ప్రయాణంలో కారు చంద్రగిరి దాటాక మునిప్రసాద్ నోరు తెరిచాడు. "నలుగుర్లో నా పరువు తీసినావు."

"సిస్టమ్ లేస్తా లేదంటిరి, లేపినాను."

కొంత దూరం పోయాక అతని గొంతు దిగింది. "సోమవారానికి పెనుమూరోళ్ల ఆల్బమ్ ఇయ్యాల."

"మీరే చేయండి. రాకపోతే నేర్పిస్తా. నేర్పించేదానికి నాకేం అడ్డం లేదు."

"సరే, నేర్పించు."

"ఇట్ల కాదు" అంది జయంతి. "ఇంటికి పోయినాక, మీ అమ్మ ముందర నిలబడి అడగండి."

పాకాల స్టేషన్ కనబడగానే అతను కారు వేగం తగ్గించాడు, ఇల్లు ఇంకాస్త ఆలస్యంగా వస్తే బాగుండునన్నట్టు. ఆమెకు తొందరేమీ లేదు.