టీ రంగు నీళ్లు

నేను ఒక గాజు సీసాని. కొలిమిలో పుట్టి, దగ్గు మందుతో బజారుకెక్కాను. మందు అయిపోయాక సన్యాసమ్మ నన్ను కడిగి ఆముదం పోసుకుంది. ఆమె ఊరి బోరింగు నీళ్లలో విషం లేకపోతే నా బతుకు ఆ ఆముదంతోనే గడిచిపోయేది.

ఆ నీళ్లు తాగి తాగి కిడ్నీలు పాడై ఆమె భర్త పోయాడు. కొడుకు తవిటయ్యకి అప్పటికే కాళ్లు వాస్తున్నాయి. వాడు బతకాలంటే ఊరికి మంచినీళ్ల పైపు రావాలి. ప్రపంచ దేశాల సభలో మూడు నిమిషాలు మాట్లాడిస్తానని ఒక సేవాసంస్థ నడిపే శ్రీవత్సగారు మాటిచ్చారు. సన్యాసమ్మ నన్ను బూడిదతో తోమి, బోరింగు నీళ్లు నింపి, పెట్టెలో పెడితే పగులుతానని కొంగులో చుట్టుకుని బయల్దేరింది.

విమానాశ్రయంలో తనిఖీవాళ్లు ఆ నీళ్లు పారబోయించారు. ఊరంతటినీ చంపుతున్న నీళ్ల నుంచి ఒక్క విమానాన్ని కాపాడారు, సంతోషం!

సభ దగ్గర శ్రీవత్సగారు నాలో కుళాయి నీళ్లు పట్టి, టీ డికాక్షన్ కలిపారు.

"ఇవి మా ఊరి నీళ్లు కావు బాబూ," అంది సన్యాసమ్మ. "మావి తేటగుంటాయి. తేటగుండే కదా మా కొంప ముంచీసినాయి."

"తెలుసమ్మా. తేట నీళ్లు చూపిస్తే ఒక్కడూ తలెత్తడు. నీ కొడుకుని తల్చుకుని ఎత్తి పట్టుకో."

ఎత్తి పట్టుకుంది. అంతవరకూ ఫోన్లు చూసుకుంటున్న దొరలు తలలెత్తారు. మర్నాటికి నా ఫొటో వెయ్యని పత్రిక లేదు. ఎన్ని దేశాలు విచారం ప్రకటించాయో! నాకు మాత్రం సిగ్గుతో చచ్చినంత పనైంది.

తర్వాత ఒక పరిశీలక బృందం ఆ ఊరెళ్లింది. బోరింగు కొట్టించి, గ్లాసులో నీళ్లని నా ఫొటో పక్కన పెట్టి చూసింది. తేటగా ఉన్నాయి. సమస్య తీరిపోయిందని చెప్పి వెళ్లిపోయింది. పైపు రాలేదు. ఆ ఎండాకాలమే తవిటయ్య పోయాడు. ఈ కబురంతా శ్రీవత్సగారే నా ముందు నిలబడి ఎవరికో చెబుతూ ఏడ్చారు. ఆ ఏడుపు నిజమైనదే, కాదనను.

నేనిప్పుడు ఆ సభ జరిగిన నగరంలోనే, మ్యూజియంలో అద్దాల పెట్టెలో ఉన్నాను. పిల్లలు నన్ను చూసి అయ్యో అంటారు. డికాక్షన్ బూజు పడుతుందని ఇక్కడివాళ్లు నెలనెలా నా నీళ్లు మారుస్తారు.

సన్యాసమ్మ ఇంకా ఆ బోరింగు నీళ్లే తాగుతోంది.