బాయి కూలుతాంది

ఎల్లేశం మెడ పట్టి కాంట్రాక్టర్ నెట్టాడు. నా కళ్ల ముందే నెట్టాడు. ఎల్లేశం చేసిన తప్పల్లా బొగ్గు గనిలోంచి పైకొచ్చి నిజం చెప్పడం.

"కప్పు పగుళ్లిచ్చి పలుకుతాంది దొరా. కింద పెట్టిన దుంగలు చిట్లుతున్నయ్. రెండో షిఫ్టోళ్లను దించకు."

"నోర్ముయ్! ఇయ్యాల కొత్త రాష్ట్రం పండుగ. సభకొచ్చే పెద్దసారు ముందట గీ లొల్లి పెడితే కొలువు ఊడుతది."

రెండో షిఫ్టులో నా పెనిమిటి గట్టయ్య ఉన్నాడు.

మొదటి షిఫ్టువాళ్లను కూడా సభ కోసం పైకి రప్పించి, అందరినీ మైదానంలో కూర్చోబెట్టారు. హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన రోజది. కృష్ణా వైపు నుంచి వచ్చిన అధికారి పటం మీద బెత్తం ఆనించి చెబుతున్నాడు. ఇది గోదావరి, ఇది కృష్ణ. ఇటు సముద్రం, రేవులు. ఇక్కడ వరి, అక్కడ పొగాకు, జమ్మికుంట వైపు పత్తి. బెత్తం మా మీదికొచ్చింది. "ఇక్కడ నల్ల బంగారం! మీ చెమటతోనే రైళ్లు నడుస్తున్నాయి." మంచిదే నాయనా, మరి ఆ పటంలో మనుషులేరి? షిఫ్టు కూత ఎప్పుడు మోగుతుందోనని నా చెవులు అటే ఉన్నాయి.

మా పక్కింటి రాజక్క లేచింది. "సారూ, బాయి కూలుతాంది! మా మొగోళ్లను దించొద్దని జర చెప్పుండ్రి!"

అధికారి జాలిగా నవ్వాడు. "భయపడకమ్మా. బావి కూలితే పంచాయతీకి అర్జీ పెట్టుకోండి. కొత్తది తవ్విస్తాం. అంతవరకు వాగు నీళ్లు కాచుకుని తాగండి."

మేము గనిని బాయి అంటాం. ఆయనకు బాయి అంటే నీళ్ల బావే. ఎవరో కిసుక్కున నవ్వి, వెంటనే నోరు మూసుకున్నారు. మా ప్రాణాల గోడు ఆయన చెవికే ఎక్కలేదు.

"నీళ్ల బాయి గాదు సారూ, బొగ్గు బాయి!" ఎల్లేశం అరిచాడు.

"తాగొచ్చిండు సార్," అన్నాడు కాంట్రాక్టర్. అంతలోనే కూత మోగింది.

గట్టయ్య టోపీ అందుకున్నాడు. నేను చెయ్యి పట్టుకున్నాను. "పోకు."

"పోకుంటే రేపటి సంది రానియ్యడు. పిల్లలకేం పెడ్తవు?"

"నువ్వే రాకుంటే ఏం పెట్టాలె?"

రాజక్క ఉరికి బాయి మూతికి అడ్డంగా కూర్చుంది. "ఆడోళ్లందరు రాండ్రి! దిగేటోళ్లు మమ్ముల తొక్కి దిగుండ్రి!"

ఏడుస్తూనే కూర్చున్నాం. సభకు కాపలా వచ్చిన పోలీసులు రాజక్కను రెక్క పట్టి జీపులోకి గుంజారు. మొగవాళ్లు చూస్తూ నిలబడ్డారు. అప్పుడు గట్టయ్య టోపీ నేల మీద పెట్టి నా పక్కన కూర్చున్నాడు. అతని వెనుక మిగతావాళ్లూ కూర్చున్నారు.

కాసేపటికి కింద భూమి దద్దరిల్లింది. బాయి మూతిలోంచి నల్లటి దుమ్ము లేచింది.

అధికారి పరుగెత్తుకొచ్చాడు. "బాయిలో... బాయిలో ఎంతమంది ఉన్నారు?"

మా మాట ఆయన నోట రావడానికి బాయి కూలాల్సి వచ్చింది.

"ఒక్కలు గూడ లేరు," జీపులోంచి రాజక్క అంది. "మేం దిగనియ్యలే."

అయినా ఆమెను వదల్లేదు. పనికి అడ్డుపడిందట! ఎల్లేశానికీ బేడీలు వేసి జీపెక్కించారు. మేమంతా లేచి జీపు ముందు కూర్చున్నాం.

"ఎవడ్రా మీ లీడరు? పేరు చెప్పుండ్రి!" కాంట్రాక్టర్ కేకలేశాడు.

"ముందుగాల వాళ్లిద్దర్ని దించు. బాయిల కొత్త దుంగలు పెట్టు. పేర్లు తర్వాత అడుగుదువు."

అన్నది నేనే. ఎవరమూ లేవలేదు. జీపూ కదల్లేదు.