మబ్బుల అడుగున మిగిలింది

లాక్‌డౌన్‌తో మిల్లులన్నీ మూతబడ్డాక, సూరత్‌లోని అమ్రోలి డాబాల మీద ఆకాశం అప్పుడే ఉతికి ఆరేసినంత నీలంగా పరుచుకుంది. మగ్గాల దుమ్ముకు ఊపిరితిత్తులు అప్పగించిన సోమలింగం మిట్టమధ్యాహ్నమైనా డాబా దిగేవాడు కాదు.

"గిసొంటి గాలి పుట్టినంక పీల్చలే బిడ్డా," అని మురిసిపోయేవాడు. కళ్లు మూస్తే నీలంలో ఈదుతున్నట్టుంటుందట.

సాయంత్రమయ్యేసరికి మాత్రం దగ్గు తెరలు తెరలుగా వచ్చేది. కూతురు ఇందుజకు గుబులుగా ఉండేది. ఆమె పరిశోధన కూడా గాలి మీదే. ఉపగ్రహం చూసే ఓజోన్‌లో చాలా భాగం ఎక్కడో పైన ఉండి మనల్ని కాస్తుంది. కింద ఉన్న కొంచెమే రొమ్ముకు చేటు. పైనుంచి చూసే కంటికి రెండూ కలిసే కనిపిస్తాయి. ఆ కిందిదాన్ని విడదీయడమే ఇందుజ పని.

ఎన్నాళ్లకూ లెక్క తెగలేదు. "మబ్బులన్నీ ఏం చేశావమ్మా?" అని ఫోన్లో గైడు మేడం నిలదీసింది.

ఏం చేస్తుంది? మబ్బు పడ్డ కొలతలన్నీ తీసి పారేసింది. మగ్గాల ఇంటి పిల్ల మరి, మరక పడ్డ బట్టల తాను కనిపిస్తే చెయ్యి దానంతటదే పక్కకు తోసేస్తుంది. ఇక్కడ కావాల్సింది ఆ మరకే. సముద్రం మీద ఎత్తుగా లేచిన మబ్బు తన కిందిదంతా కప్పేసి, పైభాగపు ఓజోన్ ఒక్కటే చూపిస్తుంది. ఈ వేడి దేశాల మీద ఆ పైభాగం ఇంచుమించు ఒకేలా ఉంటుంది. సూరత్ మీది మొత్తంలోంచి దాన్ని తీసేస్తే మిగిలేదే కిందిది.

పారేసిన మబ్బులను ఒక్కొక్కటే వెనక్కి తెచ్చుకుంటుంటే, ఇందుజకు తానూ వాటి మీదే తేలుతున్నట్టు అనిపించింది. లెక్క తేలాక కిందపడింది. పొగ పోయినా కింది ఓజోన్ తగ్గలేదు. నిరుటి కంటే కాస్త ఎక్కువే ఉంది. ఎండ ముదిరేకొద్దీ పుట్టే సరుకది.

డాబా ఎక్కి తండ్రికి చెప్పింది.

"నీ ఉపగ్రహానికి మన డాబా కనిపిస్తదా?" అన్నాడు సోమలింగం.

"కనిపియ్యదు బాపూ. నీ దగ్గు నాకు వినిపిస్తది. ఎండల పండకు, పొద్దుగూకినంక వద్దాం."

"లెక్క తప్పేమో, జర మళ్ల చూడరాదు?"

"చూసిన బాపూ."

సోమలింగం చాప చుట్టి చంకన పెట్టుకున్నాడు. మెట్ల దగ్గర ఆగి పైకి చూశాడు.

"గాలి మస్తు మంచిగ కొడుతున్నది గద," అన్నాడు.

అతను దిగిపోయాక ఇందుజ అక్కడే కూలబడింది. ఇన్నాళ్లకు ఒప్పయిన లెక్క తప్పయితే ఎంత బాగుండునో అనుకుంటూ కళ్లనీళ్లు పెట్టుకుంది.