అక్క ఉద్యోగం

టైలరమ్మకీ, ఆమె భర్త బస్సు డ్రైవరుకీ పిల్లలు కలగలేదు. ఒక పసిబిడ్డని పెంచుకుందామని దత్తతకి పేరు రాయించుకున్నారు. చాలాకాలం తర్వాత అనాథాశ్రమం వాళ్లు కబురు చేసి, "అక్కాచెల్లెళ్లున్నారు. విడదీసి ఇవ్వం. ఇద్దరినీ తీసుకెళ్తారా?" అని అడిగారు. మొగుడూ పెళ్లాం మొహమొహాలు చూసుకుని సరేనన్నారు.

పెద్దదానికి ఎనిమిదేళ్లు, చిన్నదానికి మూడు. ఇల్లు చేరింది మొదలు పెద్దది చెల్లెల్ని ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. స్నానం తనే పోసేది, జడ తనే వేసేది, అన్నం తనే తినిపించేది. టైలరమ్మ గిన్నె అందుకోబోతే, "దానికి వేడి పడదు ఆంటీ, నేను ఊదాలి" అని లాక్కునేది.

"పిల్లలొచ్చారన్న మాటే గానీ, నా చేతికి పనే లేదండీ," అని టైలరమ్మ వాపోయింది.

"దాని సర్వీసు ముందు మనదెంత? కొత్తగా చేరినవాళ్లం, కాస్త ఓపిక పట్టు," అన్నాడు డ్రైవరు.

ఓపిక పట్టింది. లోపల మాత్రం ఉడుక్కునేది.

ఇంతలో పెద్దదానికి గవదబిళ్లలు వచ్చి బుగ్గలు వాచాయి. తగ్గేదాకా చెల్లెల్ని దగ్గరికి రానివ్వొద్దన్నాడు డాక్టరు. వెనక గదిలో పడుకోబెడితే, తలుపు చాటు నుంచే అజమాయిషీ మొదలుపెట్టింది.

"ఆంటీ, అది పచ్చసొన తినదు, తీసెయ్యండి. తల మీద నీళ్లు ఒక్కసారిగా పొయ్యకండి, జడుసుకుంటుంది."

టైలరమ్మ చెప్పినట్టల్లా చేసింది. మొదట్లో చిన్నది అక్క కావాలని ఇల్లు పీకి పందిరేసింది. తర్వాత మెల్లగా అలవాటు పడింది. ఒక మధ్యాహ్నం టైలరమ్మ ఒళ్లో కూర్చుని పచ్చసొనతో సహా గుడ్డంతా తినేసి, మూతి తుడుస్తుంటే కితకితలకి పకపకా నవ్వింది. వెనక గది తలుపు కొంచెం తెరుచుకుని మళ్లీ మూసుకుంది. టైలరమ్మ అది గమనించలేదు.

జబ్బు తగ్గాక పెద్దది స్నానం పొయ్యబోతే, "నువ్వొద్దు, ఆంటీ పొయ్యాలి" అంది చిన్నది. పెద్దది చెంబు కింద పెట్టేసింది. ఆ సాయంత్రం టైలరమ్మ చూసేసరికి పెద్దది తన గౌన్లన్నీ సంచిలో సర్దుకుంటోంది.

"ఎక్కడికే?"

"ఆశ్రమానికి. దాన్ని మీరు బాగానే చూసుకుంటున్నారుగా. ఇంక నాతో పనేముంది?"

"దాన్ని చూసుకోడానికి నిన్ను తెచ్చామనుకున్నావా?"

"చిన్నపిల్లలే కావాలంటారట. పెద్దవాళ్లని ఊరికే తీసుకెళ్లరని అక్కడ అందరూ అన్నారు."

టైలరమ్మకి కోపమొచ్చింది, ఎవరి మీదో తనకే తెలియలేదు. సంచి లాక్కుని మంచం మీద బోర్లించింది. "పని కోసమైతే పనిమనిషినే పెట్టుకునేదాన్ని. నువ్వు నా పిల్లవి. ఏ పనీ చెయ్యకు. ఆడుకో, అల్లరి చెయ్యి."

"నాకు అల్లరి రాదు," అంటూనే పెద్దది భోరుమంది. ఈ ఇంటికొచ్చాక అది ఏడవడం అదే మొదలు. అది చూసి చిన్నదీ రాగం అందుకుంది. డ్యూటీ దిగి వచ్చిన డ్రైవరు గుమ్మంలోనే కంగారుపడిపోయాడు.

"ఏమైందే?"

"ఏం లేదండీ. ఏడవనివ్వండి," అంది టైలరమ్మ ఇద్దర్నీ దగ్గరికి లాక్కుంటూ.

అల్లరి రాదన్న పిల్ల వడ్డీతో సహా నేర్చుకుంది. రంగు పెన్సిలు కోసం చెల్లెలి జుట్టు పట్టుకుంది. కుట్టడానికిచ్చిన గుడ్డ కత్తిరించి బొమ్మకి చొక్కా చేసింది. టైలరమ్మ కేకలేస్తుంటే, "తెచ్చుకున్న పిల్లని అలా తిడతావేం?" అంది పక్కింటావిడ. "నా పిల్ల, నా ఇష్టం. తిడతాను, ముద్దూ చేస్తాను," అని తలుపేసుకుంది.

చిన్నది ఎప్పుడో అమ్మా అనడం మొదలుపెట్టింది. పెద్దది మాత్రం ఆంటీ దగ్గరే ఆగిపోయింది. టైలరమ్మకి బాధ లేదంటే అబద్ధం, కానీ ఎప్పుడూ అడగలేదు. ఒకరోజు పెద్దది బడి నుంచి వచ్చి మిషను పక్కన నిలబడి గోళ్లు కొరుక్కుంది.

"ఆంటీ, రేపు మా అమ్మని తీసుకురమ్మంది టీచరు. మీరొస్తారా?"

టైలరమ్మ మిషను ఆపింది. "ఏం వెలగబెట్టావు?"

"ఒకడి టిఫిన్ డబ్బా దాచేశాను."

మొహం కోపంగా పెట్టడానికి ఆమె నానా తంటాలు పడింది. మర్నాడు బడికి వెళ్లి, టీచరు చెప్పిందంతా తలొంచుకుని విని, దారి పొడుగునా పెద్దదానికి గట్టిగానే చివాట్లు పెట్టింది.