అత్తగారి ఆదివారం పాటలు

ఆదివారం సాయంత్రం టీవీలో పాటలు మొదలయ్యాయంటే ఆ ఇంట్లో చీమ చిటుక్కుమనడానికి వీల్లేదు. అది అత్తగారి శాసనం. దగ్గొస్తే వరండాలోకి వెళ్ళి దగ్గాలి. ఏదైనా మాట్లాడాలంటే పాటకీ పాటకీ మధ్య ప్రకటనలు వచ్చేదాకా ఆగాలి. ఆ ప్రకటనల సందులోనే ఇంటి పంచాయతీలన్నీ తెమిలేవి. ఆడపడుచు కాలేజీ టూరుకి అనుమతి దొరికింది సబ్బు ప్రకటనలో. మావగారు సిగరెట్లు మానేస్తానని ఒట్టేసింది టైర్ల ప్రకటనలో. మళ్ళీ ఎప్పుడు మొదలెట్టారో మాత్రం ఏ ప్రకటనలోనూ చెప్పలేదు.

కొత్తగా కాపురానికొచ్చిన కోడలికి ఈ రూలు తెలియదు. మొదటి ఆదివారమే, తనకొచ్చిన పాటేదో వచ్చిందని సంబరపడి గొంతు కలిపింది. గదిలో అందరూ ఒక్కసారిగా అటు తిరిగారు. ఆ గొంతు సంగతి ముందే చెప్పేస్తే మంచిది. పుట్టుకతోనే బొంగురు. ఆపైన చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టే పని, ఆ మెషీన్ల రొదలో పక్కమనిషిని పిలవాలన్నా అరవాలి. అరిచి అరిచి ఉన్నది కాస్తా గీరుకుపోయింది. ఆడపడుచు నోటికి చెయ్యడ్డం పెట్టుకుని కిసుక్కున నవ్వింది.

అత్తగారు టీవీ మీంచి చూపు తిప్పకుండానే, "పాడేవాళ్ళు అక్కడున్నారమ్మా. మనం వినేవాళ్ళం," అంది.

కోడలు మొహం కందగడ్డయింది. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు ఆ గదిలో పెదవి విప్పలేదు. అయినా ఆదివారమంటే ఆమెకీ ఇష్టమే. మిగతా ఆరు రోజులూ అత్తగారి ముక్కు మీదే ఉండే కోపం ఆ ఒక్క సాయంత్రం ఎటో వెళ్ళిపోయేది. పేము కుర్చీలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని, విరహం పాటొస్తే కళ్ళు తుడుచుకునేది, హుషారు పాటొస్తే మోకాలి మీద తాళం వేసేది. ఆవిడ పెళ్ళి కాకముందు నుంచీ బట్టల మిల్లులో మగ్గాల దగ్గర పనిచేసింది. నడుం పట్టేసిన తర్వాత మానేసింది. "మిల్లులో ఒక్కటే పాట. దడదడదడ. నా వయసంతా ఆ పాటే విన్నాను. ఇప్పుడైనా నన్ను నాలుగు మంచి పాటలు విననివ్వండి," అనేది. దానికి ఎదురు చెప్పే ధైర్యం ఎవరికుంటుంది?

కోడలి భర్త సిటీ బస్సు కండక్టరు. ఆదివారం కూడా డ్యూటీనే. టిక్కెట్ల సంచీ భుజాన వేలాడేసుకుని సగం కార్యక్రమం అయ్యాక వచ్చి, పిల్లిలా నడిచి గోడవార కూలబడేవాడు. బస్సులో అంత నోరున్న మనిషి ఇంట్లోకి వచ్చేసరికి నోట్లో నాలుక లేనట్టయిపోవడం కోడలికి భలే నవ్వు తెప్పించేది.

ఒక ఆదివారం బాగా గాలి వీచింది. మేడ మీద యాంటెన్నా పక్కకి తిరిగిపోయినట్టుంది, తెర నిండా చుక్కలు, బుస్సుమని ఒకటే చప్పుడు. మావగారు మేడ మెట్లెక్కారు. ఆడపడుచు ఆ చప్పుడు భరించలేక సౌండు పూర్తిగా తగ్గించేసి, తండ్రికి సాయంగా తనూ పరుగెత్తింది.

కోడలు టీ పట్టుకుని వచ్చేసరికి బొమ్మ కుదురుకుంది. నల్లకోటు వేసుకున్న గాయకుడు మైకు ముందు కళ్ళు మూసుకుని పాడుతున్నాడు. వెనకాల ఫిడేళ్ళవాళ్ళ చేతులు ఒక్కలాగే లేచి పడుతున్నాయి. అత్తగారు కుర్చీలో వెనక్కి వాలి తల ఊపుతోంది, మోకాలి మీద వేళ్ళతో తాళం వేస్తోంది. మేడ మీంచి మావగారు "వచ్చిందా? వచ్చిందా?" అని అరుస్తున్నారు. వీధిలో ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ పోతున్నారు. ఆ గదిలో అన్నీ వినబడుతున్నాయి, పాట తప్ప.

కోడలు టీ కప్పుతో అలాగే నిలబడిపోయింది. తర్వాత వెళ్ళి సౌండు పెంచింది. పాట ఒక్కసారిగా గదంతా నిండింది. అత్తగారి తల ఊపు మారలేదు. తాళం మారలేదు. ఆ తాళానికీ ఆ పాటకీ ఎక్కడా పొంతన లేదు.

అప్పుడు ఆవిడ చూపు టీవీ మీంచి కోడలి చేతి మీదికి, చేతి మీంచి మొహం మీదికి వచ్చింది.

"ఇంతసేపూ సౌండు లేదా?" అని మెల్లగా అడిగింది.

"లేదత్తయ్యా."

ఆవిడ తేలు కుట్టిన దొంగలా చూపు దించుకుంది. టీ తీసుకుంది, తాగలేదు. మేడ దిగి అందరూ వచ్చారు. మళ్ళీ శాసనం అమల్లోకి వచ్చింది.

మర్నాడు కోడలు వంటింట్లో గిన్నెలు తోముతుంటే అత్తగారు వచ్చి తలుపు దగ్గరగా వేసింది. "ఎవరికీ చెప్పకు," అంది.

కోడలు చేతులు తుడుచుకుని ఆవిడకి ఎదురుగా నిలబడింది. "ఎప్పట్నుంచి అత్తయ్యా?"

"మిల్లులో ఉన్నప్పుడే తగ్గడం మొదలెట్టింది. ఈ రెండు మూడేళ్ళలో పూర్తిగా పోయింది."

"మరి మేం మాట్లాడేవన్నీ ఎలా తెలుస్తున్నాయి?"

"పెదాలు చూస్తాను. మగ్గాల దగ్గర చెవులకి పనేముంది? అందరం పెదాలు చూసే మాట్లాడుకునేవాళ్ళం. ఆ చివరి మగ్గం దగ్గరది తన మొగుడితో పడ్డ గొడవ చెప్పుకుంటుంటే ఈ చివర నేను చూసేసేదాన్ని." ఆవిడ మొహంలో కాస్త గర్వం కూడా కనబడింది.

"మొన్న టీవీలో ఆ కుర్రాడు అపశ్రుతి పాడాడన్నారు కదా?"

"వాడి మెడ నరాలు ఉబ్బిన తీరు చూస్తే తెలియదూ!"

కోడలికి నవ్వొచ్చింది. నవ్వుతుంటేనే కళ్ళు చెమర్చాయి. "డాక్టరుకి చూపిద్దాం. చెవిలో పెట్టుకునేవి ఉంటాయట."

"వెళ్ళొచ్చానులే, ఎవరికీ తెలియకుండా. ఇక అవేవీ పనిచెయ్యవని చెప్పాడు." అత్తగారు గట్టు మీద గిన్నె ఒకటి అందుకుని తనే తోమడం మొదలెట్టింది. "మాటల సంగతి ఎలాగో లాక్కొస్తున్నాను. పాటలే. ఆ పాడేవాడి మొహం కాసేపైనా సరిగ్గా చూపించి చావరు. పూలు చూపిస్తారు, కొండలు చూపిస్తారు, మబ్బులు చూపిస్తారు. సగం పాటలో మాటే అందదు. పాతవైతే గుర్తున్నాయి కనక మనసులో వేసుకుంటాను. కొత్తవి వస్తే బొమ్మలా కూర్చోవడమే."

తర్వాతి ఆదివారం పాటలు మొదలయ్యే ముందు కోడలు స్టూలు ఒకటి తెచ్చి టీవీ పక్కన, అత్తగారికి ఎదురుగా వేసుకుని కూర్చుంది. పాట మొదలవగానే చప్పుడు లేకుండా పెదాలు కదిపింది. అత్తగారు కాసేపు కళ్ళు చిట్లించి చూసి తల అడ్డంగా ఊపింది. ప్రకటనలు రాగానే దగ్గరికి పిలిచి, "ఉత్తి పెదాలు అబద్ధమాడతాయమ్మాయ్. గొంతు పెట్టు. గొంతు పెడితేనే నోరు సరిగ్గా తెరుచుకుంటుంది," అంది చెవిలో.

"నా గొంతా?" కోడలు హడలిపోయింది.

"నీ గొంతు ఎలా ఉంటే నాకేం!"

అలా ఆ ఇంట్లో అందరికన్నా చెడ్డ గొంతుకి పాడే పని పడింది. రెండో పాట పల్లవి అందుకోగానే ఆడపడుచు ఉలిక్కిపడి లేచింది. మావగారు చేతిలో పేపరు కింద పెట్టారు. ఆ వేళ త్వరగా వచ్చి గోడవార కూలబడ్డ కండక్టరు పెళ్ళానికి మతి గాని చలించిందా అన్నట్టు నోరు తెరిచాడు. అందరూ అత్తగారి వైపు చూశారు, ఇక పిడుగు పడుతుందని. పిడుగు పడలేదు. ఆవిడ ముందుకి వంగి, చెంపకి చెయ్యి ఆన్చుకుని, కోడలి నోటివంకే కళ్ళప్పగించి చూస్తోంది. కోడలు ఒక చెయ్యి చాచి అత్తగారి మోకాలి మీద తాళం కూడా వేస్తోంది.

"అమ్మా, వదినని ఆపమను!" అంది ఆడపడుచు తల్లికి ఎదురుగా వచ్చి, పాట మధ్యలోనే, రూలు కూడా మర్చిపోయి.

"నేనే పాడమన్నాను. నువ్వు కూర్చో," అంది అత్తగారు.

ఇక ప్రతి వారం అదే వరస. కోడలు తనకి రాని పాటల కోసం ఫ్యాక్టరీలో పక్క మెషీను ఆవిడని అడిగి, భోజనాల వేళ మాటలు బట్టీపట్టేది. మాట తెలియని చోట ఊరికే నోరు తిప్పితే అత్తగారు వెంటనే పట్టేసేది. "అక్కడేదో మింగావు," అనేది. పొరుగువాళ్ళు వరండాలో కనబడినప్పుడు, "మీ ఇంట్లో ఆదివారాలు మేకని కొన్నారా?" అని అడిగేవాళ్ళు. మావగారు పాట రాగానే "యాంటెన్నా చూసొస్తా" అని మేడ మీదికి వెళ్ళిపోయేవారు. యాంటెన్నాకి ఏ రోగమూ లేదు.

నవ్వులపాలవుతున్నా కోడలు అసలు సంగతి ఎవరికీ చెప్పలేదు. మొగుడు గుచ్చి గుచ్చి అడిగినా, "మీ అమ్మకి నా పాట నచ్చింది, మీకెందుకు కడుపుమంట," అని తప్పించుకుంది.

ఆడపడుచుకి మాత్రం ఓపిక నశించింది. ఆ పిల్లది కోకిల గొంతు, కాలేజీలో బహుమతులు కూడా వచ్చాయి. ఒక వారం తను ఎప్పట్నుంచో ఎదురుచూస్తున్న పాట వచ్చింది. కోడలు దాన్ని ఎప్పటిలాగే చితక్కొట్టింది. పాటవగానే ఆడపడుచు లేచి, "ఏం మందు పెట్టావు వదినా మా అమ్మకి? వారమంతా ఈ గంట కోసం చూస్తాను. అది కూడా లేకుండా చేశావు," అని ఏడ్చేసింది. కోడలు తల వంచుకుంది. బిస్కట్ల ప్రకటన ఏదో గెంతుతూ పోతోంది.

మావగారు లేచి కూతురి భుజం పట్టుకుని వరండాలోకి తీసుకెళ్ళారు. కిటికీ తెరిచే ఉంది. ఆయన గొంతు తగ్గించలేదు, తగ్గించాల్సిన అవసరం లేదని ఆయనకి తెలుసు.

"మీ అమ్మకి వినబడదమ్మా. బొత్తిగా వినబడదు. ఇన్నేళ్ళు కాపురం చేసినవాణ్ణి, నాకు తెలియదనుకుంటోంది. అనుకోనీ. మీ వదిన గొంతులోంచి వస్తేనే ఆ పాట మీ అమ్మ దాకా పోతోంది. నీకు పాట కావాలంటే ఎక్కడైనా దొరుకుతుంది. దానికింకెక్కడ దొరుకుతుంది?"

లోపల కోడలు కిటికీ వైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడింది. అత్తగారు ప్రకటన మీంచి చూపు ఆమె వైపు తిప్పి, "ఏమంటున్నాడు మీ మావయ్య?" అంది.

"అమ్మాయిని ఏడవొద్దంటున్నారు అత్తయ్యా."

ఆడపడుచు కళ్ళు తుడుచుకుని లోపలికి వచ్చింది. పీట లాక్కుని వదిన పక్కనే తల్లికి ఎదురుగా కూర్చుంది. తర్వాతి పాటకి ఇద్దరూ పాడారు. కోకిల, మేక. గోడవార కండక్టరుకి అప్పటికి విషయం అర్థమైపోయింది, సంచీ పక్కన పెట్టి తల్లి కాళ్ళ దగ్గరికి జరిగాడు.

పాటవగానే అత్తగారు తీర్పు చెప్పింది. "నీ పాట నాజూకుగా ఉందిగానీ పెదాలే కదలవు తల్లీ. మీ వదినే నయం, నోరు గుహలా తెరుస్తుంది."

అందరూ కడుపు పట్టుకుని నవ్వారు. అందరికన్నా ఎక్కువ నవ్వింది ఆడపడుచే. ఆ నవ్వులో వచ్చే పాట పల్లవి పోయింది, ఎవరూ బాధపడలేదు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆదివారాలు అలాగే గడిచాయి. ఆడపడుచు పెళ్ళై వెళ్ళింది. మావగారు పోయారు. ఆ కార్యక్రమం కూడా ఒకరోజు చెప్పాపెట్టకుండా ఆగిపోయింది, దాని స్థానంలో ఏదో వంటల పోటీ వచ్చింది. అత్తగారు ఆ వంటలవాళ్ళ పెదాలు కాసేపు చూసి, "వీళ్ళ మాటల్లో ఉప్పూ లేదు కారమూ లేదు," అని టీవీ కట్టేయించింది. అయినా సాయంత్రం కాగానే స్టూలు చూపించి కోడల్ని కూర్చోమనేది. టీవీ లేకుండానే కోడలు పాడేది, తోచిన పాట, తోచిన వరసలో. చివరి రోజుల్లో మంచం పక్కన కూడా పాడింది. ఆవిడ వేళ్ళు దుప్పటి మీద కదిలేవి.

ఇప్పుడు కోడలే నాయనమ్మ. మొన్నొక సాయంత్రం మనవరాలు ఫోనులో ఏదో వెతుకుతూ, "నాయనమ్మా, మీ కాలం పాటల ప్రోగ్రాం ఇదేనా?" అని గోడ మీది పెద్ద టీవీలో పెట్టింది. ఎవరో దాచుకుని నెట్‌లో పెట్టిన పాత భాగం. బొమ్మ మసకగా ఉంది, గొంతు మాత్రం తేటగా ఉంది. అదే నల్లకోటు మనిషి.

ఆమె కళ్ళజోడు సర్దుకుని కూర్చుంది. పాట మొదలైంది. మొదటి చరణం అయింది, రెండోది వచ్చింది. అక్కడ గాయకుడు ఒక చిన్న మాట దగ్గర ఆగి, గొంతు బాగా తగ్గించి, ఊపిరిలా వదిలేశాడు. వెనక ఒక్క ఫిడేలు మాత్రం ఆ మాటని కాసేపు పట్టుకుని ఉంచింది.

ఆమె ఆశ్చర్యపోయింది. ఆ పాట వందలసార్లు పాడింది. అక్కడ అలా ఆగుతుందని ఆమెకి తెలియనే తెలియదు. ఆ చోట తను ఎప్పుడూ గొంతు చించుకుని, నోరు బార్లా తెరిచి, అత్తగారి కళ్ళలోకి చూస్తూ ఉండేది.

"ఏమైంది నాయనమ్మా? బాలేదా?"

"బాగుంది. చాలా బాగుంది," అందామె. టీవీ వంకే చూస్తూ, "నేను దీన్ని ఇప్పుడే వింటున్నాను," అంది.

పక్క కుర్చీలో రిటైరైన కండక్టరు ఆమె చేతి మీద చెయ్యి వేశాడు. మనవరాలికి అర్థం కాలేదు, ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

"ఇంకోటి పెట్టమ్మా," అంది నాయనమ్మ.