రిపోర్టు రాని రోడ్డు

కరీంనగర్‌లోని ఆ న్యూస్ వెబ్‌సైట్ ఆఫీసులో మహిమ కాలు నేల మీద నిలవడం లేదు. వానలకు ఏ రోడ్డు మునిగిందో, ఏది బాగుందో ఎప్పటికప్పుడు చూపించే మ్యాప్ ఆమె తయారు చేసిందే. ఊళ్లలోని రిపోర్టర్లు ఫోన్‌లో ఒక బటన్ నొక్కితే చాలు, మునిగిన రోడ్డు ఎర్రబడుతుంది. జనం ఎగబడి చూస్తున్నారు. ఎడిటర్ ప్రమోదిని వచ్చి భుజం తట్టి మరీ పోయింది.

టిఫిన్ డబ్బా తెరుస్తూ యథాలాపంగా అడిగింది మహిమ. "మేడం, ఆదిలాబాద్ దిక్కు ఒక్క రోడ్డు గూడ ఎర్రగ లేదేంది?"

"ఆడి మన రిపోర్టర్ నరేశ్ ఫోన్ పొద్దటి సంది కలుస్తలేదు. ఆడ కరెంటు లేదట," అంది ప్రమోదిని.

మహిమ డబ్బా మూత పెట్టేసింది. మునిగిందని ఎవరూ చెప్పని రోడ్డు ఆకుపచ్చగానే ఉండేలా ప్రోగ్రామ్ రాసింది తనే. ఆఫీసులో మొదటిసారి చూపించినప్పుడు తెర కళకళలాడాలని! రిపోర్టు రాకపోతే రోడ్డు బాగున్నట్టేనా? అంత చదువు చదివిన బుర్రకు ఆ మాత్రం తట్టలేదు.

పైగా ఆమె తండ్రి అహరోను పొద్దున్నే సుల్తానాబాద్‌లో బియ్యం మూటలు ఎక్కించుకుని ట్రాలీ తోలుకుంటూ ఆదిలాబాద్ బయల్దేరాడు. బిడ్డ చేసిన మ్యాప్‌ను కనిపించిన ప్రతివాడికీ చూపించి మురిసిపోయే మనిషి.

"మ్యాప్ బంద్ జేస్తున్న మేడం."

"పిచ్చా నీకు? జనమంత దాని మీదనే ఉన్నరు. జర ఆగు, ఓనర్ సార్‌ను అడుగుదాం."

మహిమ ఆగలేదు. మ్యాప్ తీసేసి తండ్రికి ఫోన్ చేసింది. మోగుతోంది గానీ ఎత్తడే! మళ్లీ చేసింది. ఫోన్ టేబుల్ మీద పెట్టి స్పీకర్ నొక్కింది.

చివరికి ఎత్తాడు. వెనక నీళ్ల హోరు, కేకలు.

"బాపూ, వాగు దాటకు! నా మ్యాప్ తప్పు!"

"నేను ఒడ్డు మీదనే ఉన్న బిడ్డా." ఆయన గొంతులో జీవం లేదు. "ఊరోళ్లు తాడు కట్టి అందర్ని ఆపిండ్రు. నేనే ఫోన్ తీసి, మా బిడ్డ చేసింది, గ్రీన్ ఉంది చూడుండ్రి అని చూపెట్టిన. ముందటి ఆటో ఆయన అది నమ్మి తాడు లేపి దిగిండు."

తండ్రి బతికే ఉన్నాడన్న సంతోషం మహిమకు క్షణం కూడా నిలవలేదు.

"మనుషులు?"

"దక్కిండ్రు. ఊరోళ్లే గుంజిండ్రు. ఆటో కొట్టుకపోయింది. ఆటో ఆయన ఒక్కటే ఏడుస్తుండు."

మహిమకు కళ్లనీళ్లు ఆగలేదు.

"బిడ్డా," అన్నాడు అహరోను, "గా మ్యాప్ చేసినామె నంబర్ ఇయ్యమంటుండు. ఇయ్యాల్నా?"

ప్రమోదిని గబగబా వచ్చి, వద్దు వద్దని చెయ్యి ఊపింది.

"నంబరెందుకు బాపూ," అంది మహిమ. "ఫోన్ ఆయన చేతికియ్యి."