ఆయ్ అన్నారు కదా

వైనతేయ మీద వంతెన లేని రోజులవి. అమలాపురం నుంచి రాజోలు వైపు వెళ్ళాలంటే ఇవతలి ఒడ్డున బస్సు దిగి, లాంచీ ఎక్కి, అవతలి ఒడ్డున ఇంకో బస్సు పట్టుకోవాలి. ఇప్పుడు బస్సులో కునుకు తీస్తూ ఏరు దాటేసేవాళ్ళకి ఆ సుఖం ఏం తెలుస్తుంది! లాంచీ ఇంకా అవతలే ఉందంటే ఎవరూ విసుక్కునేవారు కాదు. పాకహోటల్లో వేడి అట్టు తిని, టీ తాగి, పక్కన కూర్చున్నవాడి కూతురికి ఓ సంబంధం కూడా చెప్పి, అప్పుడు తీరిగ్గా ఎక్కేవారు. ఏటి మీద గాలి మొహానికి తగిలితే సగం అలసట అక్కడే దిగిపోయేది.

ఆ లాంచీలు నడిపే సహకార సంఘానికి కామేశ్వరరావు మేనేజరు. అతని తండ్రి ఆ చుట్టుపక్కల పేరుమోసిన ఘనాపాఠి. కొడుక్కి వేదం అబ్బలేదు గానీ వినయం మాత్రం అవసరానికి మించి అబ్బింది. తండ్రి పోయినప్పుడు కామేశ్వరరావు బి.ఏ. ఆఖరి సంవత్సరంలో ఉన్నాడు. అప్పుడు సంఘం ప్రెసిడెంటు గంగరాజుగారు మనిషిని పంపి పిలిపించుకుని, "మీ నాన్నగారి దగ్గర అక్షింతలు వేయించుకుని పెళ్ళి చేసుకున్నవాణ్ణోయ్ నేను. నువ్వు పరాయివాడివి కాదు" అని రేవులో కుర్చీ చూపించారు. గంగరాజుగారిది కొబ్బరితోటల కుటుంబం. పెద్ద గొంతు, పెద్ద చెయ్యి, పెద్ద మనసు. ఆయన ఏం చెప్పినా కామేశ్వరరావు "ఆయ్" అనేవాడు. ఆ మాటకొస్తే రేవులో అందరూ అంతే.

ఎనభై ఒకటి చలికాలంలో సహకార శాఖవాళ్ళు మేనేజర్లకీ, సెక్రటరీలకీ అమలాపురంలో శిక్షణ పెట్టారు. ఓ కళ్యాణమండపంలో, పెళ్ళికూతురి పేరు ఇంకా తియ్యని గోడ మీద "వృత్తి నీతి, బాధ్యత గల నాయకత్వం" అని గుడ్డ కట్టారు. పాఠం చెప్పడానికి హైదరాబాదు నుంచి ఓబుళరెడ్డిగారు వచ్చారు. అనంతపురం జిల్లా మనిషి, సూటిగా మాట్లాడతారు. మొదటి పూటే ఆయనకి మన వాళ్ళు తెగ నచ్చేశారు. ఏ వాక్యం ముగించినా హాలంతా ఒక్కసారిగా "ఆయ్" అంటోంది మరి. ఇంత చక్కగా ఒప్పుకునే విద్యార్థులు తన సర్వీసులోనే తగల్లేదని పొంగిపోయారు.

మధ్యాహ్నం భోజనాల తరవాత ఆయనకి ఎక్కడో అనుమానం తగిలింది. సుద్దముక్క పట్టుకుని గట్టిగా అన్నారు: "ప్రెసిడెంటు తప్పు చేస్తే, దాన్ని కప్పిపుచ్చడమే మంచి మేనేజరు లక్షణం."

"ఆయ్."

"సంఘం మునిగిపోయినా పర్వాలేదు, పెద్దాయన మొహం మీద నవ్వు చెదరకూడదు."

"ఆయ్."

ఓబుళరెడ్డిగారు సుద్దముక్క బల్ల మీద పెట్టేశారు. "ఏందప్పా ఇది! పొద్దున నేను చెప్పిందానికీ ఆయే, ఇప్పుడు చెప్పిందానికీ ఆయేనా? అసలు ఆయ్ అంటే ఏంది?"

పుట్టి బుద్ధెరిగాక ఆ ప్రశ్న ఎవరూ వేసుకున్నది కాదు. ముందు వరసలో ఉన్నాడు కాబట్టి కామేశ్వరరావే లేచి నిలబడాల్సి వచ్చింది. "ఆయ్ అంటే... అవునని కాదండీ. తవరు చెప్పింది మేం విన్నావండీ, కానివ్వండీ అని."

"మరి కాదని చెప్పాలంటే ఏమంటారు?"

"అది కూడా ఆయేనండీ," అన్నాడు వెనక నుంచి ఎవరో. "కాపోతే కొంచెం నెమ్మదిగా అంటావండీ."

అందరూ నవ్వారు. ఓబుళరెడ్డిగారు కూడా నవ్వారు గానీ, ఆ నవ్వు తొందరగానే ఆపేశారు. "చూడండప్పా. మీ మర్యాద బంగారం. నేను తీసెయ్యమనను. కానీ కుర్చీలో కూర్చున్నవాడికి కాదనే మాట వినిపించకపోతే వాడు గుడ్డివాడే. మీ కింద పనిచేసేవాళ్ళ నుంచి ఆ మాట మీ దాకా రావడానికి దారి వెయ్యండి. అట్లనే మీ పైనున్నవాడి చెవి దాకా దాన్ని మీరే మోసుకుపోవాల. నేను ఇంకేం చెప్పినా మరిచిపోండి, ఇది మాత్రం గుర్తు పెట్టుకోండి." ఈసారి ఎవరూ ఆయ్ అనలేదు. అనాలో మానాలో తెలియలేదు.

కామేశ్వరరావు ఆ మాటలు మూటగట్టుకుని రేవుకి వచ్చాడు. మర్నాడు పొద్దున్నే లాంచీ నడిపే సరంగు ఏడుకొండల్నీ, టిక్కెట్లిచ్చే ధనరాజునీ, మిగతా పనివాళ్ళనీ పిలిచి, "ఇక మీదట నేను తప్పు చెబితే మొహమాటపడకుండా కాదండీ అని చెప్పెయ్యాలి. తెలిసిందా?" అన్నాడు.

"ఆయ్," అన్నారు అందరూ.

అతను పట్టు వదల్లేదు. పరీక్ష పెడదామని, "ఏడుకొండలూ, రేపట్నుంచి లాంచీని వెనక్కి నడిపిద్దాం. జనానికి సరదాగా ఉంటుంది," అన్నాడు. ఏడుకొండలు తలగుడ్డ తీసి మళ్ళీ కట్టుకుని, "ఆయ్. అలాగేనండీ," అన్నాడు. అని, మర్నాడు మామూలుగానే ముందుకి నడిపాడు.

ఆ సాయంత్రం కామేశ్వరరావు ఇంట్లో అన్నం ముందు కూర్చుని తల పట్టుకున్నాడు. భార్య రాజరాజేశ్వరి అంతా విని, చారు వడ్డిస్తూ అంది. "వాళ్ళ నోటికి రాని మాటని పట్టుకుని లాగుతారెందుకండీ? మా పుట్టింట్లో నాన్నగారు ఏదైనా సంబంధం చెప్పేవారు. నచ్చకపోతే నేను కాదని అనేదాన్నా? ఊరుకునేదాన్ని. ఆయనకి తెలిసిపోయేది. మీ వాళ్ళనీ అలాగే ఊరుకోమనండి."

"మరి నా సంబంధం చెప్పినప్పుడో?"

"ఆయ్ అన్నానండీ. తెలివితక్కువదాన్ని."

నవ్వుకున్నా, అతనికి దారి దొరికింది. మర్నాడు రేవులో కొత్త పద్ధతి చెప్పాడు. నచ్చితే ఆయ్ అనండి, నచ్చకపోతే నోరు మెదపకండి, అంతే. అది వాళ్ళకి కుదిరింది. ఓ పొద్దున ఎవరో ఆఫీసరు తొందర పెడుతుంటే, మంచు విడకుండానే లాంచీ తియ్యమన్నాడు కామేశ్వరరావు. ఏడుకొండలు ఏటివైపు చూస్తూ నిలబడ్డాడు. ఏమీ అనలేదు. కామేశ్వరరావు కళ్ళు మెరిశాయి. "ఊరుకున్నావు కదూ?" అన్నాడు. దానికీ జవాబు లేదు. "భేష్!" అని ఏడుకొండలు భుజం తట్టి, ఆఫీసరుగారికి టీ తెప్పించాడు. ఎండ వచ్చాకే లాంచీ కదిలింది.

ఆ చలికాలమంతా రేవు హాయిగా నడిచింది. మనుషులు మనుషుల్ని కనిపెట్టుకుని ఉండటం అంటే ఏమిటో అక్కడ చూడాలి. మాట లేని చోట కామేశ్వరరావు ఆగేవాడు. ఆగి, అడిగేవాడు. తరవాత ఎన్ని ఆఫీసులు చూసినా అంత ముచ్చటైన ఆఫీసు అతను చూడలేదు.

మాఘమాసంలో అంతర్వేది తీర్థం వచ్చింది. రథం చూసి తిరిగివచ్చే జనం సాయంత్రానికి రేవులో కిక్కిరిసిపోయారు. రెండో లాంచీ మరమ్మతులో ఉంది. పొద్దు వాలుతోంది, చీకటి పడ్డాక లాంచీ నడపరు. అంటే మిగిలింది ఒక్కటే ట్రిప్పు. అవతలి ఒడ్డున అమలాపురం ఆఖరి బస్సు నిలబడి ఉంది. సముద్రం వైపు నుంచి గాలి లేచి, ఏటి మీద తెల్లటి నురగ కనిపిస్తోంది.

గంగరాజుగారు ఎడ్లబండి దిగి గబగబా వచ్చారు. ఆ జనంలో ఆయన వియ్యంకుడి ఊరివాళ్ళు ఉన్నారు, ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు. ఇవాళ ఇంటికి చేరుస్తానని ఆయన వాళ్ళకి మాట ఇచ్చారు. "అందర్నీ ఎక్కించెయ్యండ్రా, ఒక్క ట్రిప్పులో అయిపోతుంది," అన్నారు.

ఎవరూ మాట్లాడలేదు. ఏడుకొండలు ఏటివైపు చూస్తున్నాడు. ధనరాజు టిక్కెట్ల సంచీ వైపు చూస్తున్నాడు. గంగరాజుగారికి ఈ పద్ధతి తెలియదు కదా, వినపడలేదేమోనని మళ్ళీ గట్టిగా అరిచారు. అయినా ఆయ్ రాలేదు. అప్పుడాయన కామేశ్వరరావు వైపు తిరిగారు. "ఏమోయ్, నీ వాళ్ళకేమైంది? చెప్పు."

ఆయ్ అనే మాట కామేశ్వరరావు నాలిక చివరికి వచ్చేసింది. ముప్పై ఏళ్ళ అలవాటు అది. ఎదురుగా ఉన్నది తనకి అన్నం పెట్టిన మనిషి. తండ్రి పోయిన ఇంటికి మొదట వచ్చిన మనిషి. ఒడ్డు మీద ఓ తల్లి చంటిపిల్లని ఈ చంక నుంచి ఆ చంకకి మార్చుకుంటోంది. ఊరుకుంటే చాలదని అతనికి అర్థమైంది. తన వాళ్ళ మౌనాన్ని ఆయన చెవి దాకా మొయ్యాల్సింది తనే.

"కాదండీ," అన్నాడు.

"ఏంటీ?"

"కాదండీ. సగం మందేనండీ. ఈ గాలిలో అందర్నీ ఎక్కించకూడదండీ. మిగతావాళ్ళు రేపు పొద్దున్నండీ."

జనమంతా చూస్తున్నారు. వియ్యంకుడి ఊరివాళ్ళూ చూస్తున్నారు. గంగరాజుగారి మొహం ఎర్రబడింది. ఆయనకి మామూలు కోపం వస్తే తిట్టేవారు. అసలు కోపం వస్తే మర్యాద ఇచ్చేవారు.

"అలాగేనండీ పంతులుగారూ," అన్నారు. "మీ ఇష్ట ప్రకారమే కానివ్వండి. మీరు మాత్రం రేపట్నుంచి రేవుకి రానక్కర్లేదండీ."

"ఆయ్," అన్నాడు కామేశ్వరరావు.

సగం మందితో లాంచీ వెళ్ళింది. మిగిలినవాళ్ళకి గంగరాజుగారే ఇంటి నుంచి అన్నం, పప్పు వండించి తెప్పించి, దగ్గరుండి పెట్టించారు. కాసేపటికి గాలి పడిపోయింది. వెన్నెల్లో ఏరు పళ్ళెంలో నీళ్ళలా నిలబడింది. చంటిపిల్లలు కూడా దాటేసేవారయ్యా ఇందులో, అని జనం నవ్వుకున్నారు. కామేశ్వరరావుకి ఉద్యోగం పోయినందుకు కన్నా ఆ నవ్వుకి ఎక్కువ బాధ కలిగింది. అందర్నీ ఎక్కిస్తే లాంచీ మునిగేదా, క్షేమంగా చేరేదా? ఆ సంగతి ఎవరూ ఎప్పటికీ చెప్పలేరు. ఒక్కరైనా "నువ్వు చేసింది సబబే" అంటారేమోనని అతను చాలా రోజులు ఎదురు చూశాడు. భార్య అంది గానీ, భార్య అంటే లెక్కలోకి రాదనుకున్నాడు, వెర్రిమనిషి.

అమలాపురంలో ఓ ట్యుటోరియల్‌లో పిల్లలకి లెక్కలు చెప్పే పని దొరికింది. పక్క సందులో ఇల్లు తీసుకున్నారు. పాఠం మధ్యలో గాలి వీస్తే అతని మనసు రేవుకి వెళ్ళిపోయేది. లాంచీ గంట, ధనరాజు కేకలు, పాకహోటల్లో అట్టు వాసన, అన్నీ గుర్తొచ్చేవి.

శ్రావణంలో ఏటికి వరద వచ్చింది. ఓ మధ్యాహ్నం పాఠం ముగించి బయటికి వచ్చేసరికి ట్యుటోరియల్ అరుగు మీద గంగరాజుగారు కూర్చుని ఉన్నారు. పంచె మోకాళ్ళ దాకా తడిసి బురదగా ఉంది. ఆయన అంత చిక్కిపోయి కనిపించడం కామేశ్వరరావు ఎప్పుడూ చూడలేదు.

"మొన్న సంత రోజున కొబ్బరికాయల బస్తాలూ జనం అన్నీ కలిపి ఎక్కించెయ్యమన్నానోయ్," అని మొదలుపెట్టారు ఏ పలకరింపూ లేకుండా. "ఏదో ధ్యాసలో అన్నాను. ఆయ్ అన్నారు. ఎక్కించేసేరు. ఒడ్డు మీంచి చూస్తే నీళ్ళు అంచు దాకా వచ్చేసేయి. పంచె ఎగ్గట్టి నేనే దిగి ఆపేను. ఏరా ఏడుకొండలూ, నీకు తెలీదురా అంటే, తవరు చెప్పేరు కదండీ అన్నాడు." ఆయన ఆగి, పైకండువాతో మొహం తుడుచుకున్నారు. "వాడి తప్పు కాదులే. కాదన్నవాణ్ణి ఏం చేసేనో వాడు చూసేడు కదా. నేను అటు తిరిగుంటే ఏమయ్యేదోయ్? అప్పట్నుంచీ ఎవడైనా ఆయ్ అంటే గుండె దడదడలాడతంది. నాకు భయమేస్తోందోయ్ కామేశ్వర్రావ్. వచ్చెయ్యి."

ఇన్నాళ్ళూ వినాలనుకున్న మాట ఇదే. వింటే గర్వంగా ఉంటుందనుకున్నాడు. తీరా విన్నాక ఆ పెద్దాయన మీద జాలి ముంచుకొచ్చి, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పెదవులు ఏదో అనబోయాయి. గంగరాజుగారు చటుక్కున చెయ్యి ఎత్తారు. "ఆ మాట మాత్రం అనకు. వస్తావో, రావో చెప్పు."

"వస్తానండీ," అన్నాడు కామేశ్వరరావు. ఇంకాస్త ఆగి, "కానీ, వరద తగ్గేదాకా లాంచీ తియ్యనండీ."

గంగరాజుగారి ఇల్లు అవతలి ఒడ్డున ఉంది. పొద్దున్న వచ్చినప్పటికన్నా వరద ఇంకా పెరిగిందని రేవు నుంచి వచ్చేవాళ్ళు చెబుతున్నారు.

"నేనిప్పుడు ఇంటికెళ్ళాలి కదోయ్," అన్నారాయన.

"ఇవాళకి కాదండీ. మా ఇంట్లో పడుకోండి."

గంగరాజుగారు వీధి చివరకి చూస్తూ కూర్చున్నారు. కామేశ్వరరావు మాత్రం మాట వెనక్కి తీసుకోలేదు.

"మీ ఇంట్లో ఇవాళ కూరేంటోయ్?" అన్నారు గంగరాజుగారు, చెప్పుల కోసం అరుగు కింద కాలితో వెతుక్కుంటూ.